సీసపు సంచిలో మామ్మ ఫొటో

చోడవరం శాఖా గ్రంథాలయంలో ఫొటోగ్రఫీ పుస్తకాలు ఒక బీరువాలో అడుగు అరలో ఉంటాయి. అవన్నీ నేను చదివాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పదో తరగతితో చదువు ఆపేసి స్టూడియోలో చేరినవాణ్ణి. లెన్సు లోపల వెలుగు ఎలా వంగుతుందో నాకు ఏ మాస్టారూ చెప్పలేదు, ఆ అరే చెప్పింది. మెయిన్ రోడ్డు మీది నా స్టూడియోకి షట్టరు దించేసి కొన్నేళ్ళయినా ఆ గర్వం మాత్రం దిగలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయే సంగతిలో ఆ చదువు నన్ను ఎంత గట్టెక్కించిందో, ఎంత ముంచిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈమధ్య మీ వయసువాళ్ళు కొందరు మళ్ళీ ఫిల్మ్ కెమెరాలు మెడలో వేసుకుని తిరుగుతున్నారు. సంతోషం. వాళ్ళలో ఒకరిద్దరు మా ఇంటికి వచ్చి, "అంకుల్, విమానంలో వెళ్ళేటప్పుడు ఫిల్మ్‌ని ఆ స్కానర్ల నుంచి ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు. అడిగిన ప్రతిసారీ నేను ఒక్కో జవాబు చెప్పాను. అబద్ధాలు కావు. ఏ రోజుకి ఏది నమ్మితే అది చెప్పాను. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. మీరే తేల్చుకోండి.

బుచ్చయ్యపేట దగ్గర ఒక ఊళ్ళో చెరుకు పండించే కుటుంబం ఉంది. వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ మా స్టూడియోవే. ఆ ఇంటి అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. పెళ్ళి కుదిరాక ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది.

"అంకుల్, నా పెళ్ళికి మీరు రీలు కెమెరాతో తియ్యాలి. కలర్లో."

"వీడియోకీ ఫొటోలకీ వైజాగోళ్ళని మాట్లాడేశారని మీ నాన్న చెప్పాడే?"

"వాళ్ళు తీస్తారు. వాళ్ళ పని వాళ్ళది. మీరు మా మామ్మ కోసం రావాలి."

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. వాళ్ళ మామ్మ ఫొటో తీయించుకోదు. ఊరంతటికీ తెలిసిన విషయమే. కెమెరా కనబడితే పైట మొహం మీదికి లాగేసుకుంటుంది. ఇన్ని పెళ్ళిళ్ళు తీసిన నా నెగటివ్‌లలో కూడా ఆవిడ ఒక పైట చెంగుగానే ఉంది. ఆధార్ కార్డు మీద ఉన్నది ఫొటోయే కాదని ఆవిడ వాదన. ఆ కార్డు చూసినవాళ్ళెవరూ కాదనలేదు.

"ఫోన్లో తీస్తే ఇంట్లో పిల్లగుంటలంతా అక్కడే చూసేసి నవ్వుతారంట. అదీ ఆవిడ బాధ. మీ కెమెరాలో అయితే ఎవరికీ అప్పుడే కనబడదని చెప్పాను. ఆలోచిస్తానంది," అంది ఆ అమ్మాయి. పెళ్ళయ్యాక భర్తతో గుజరాత్ వెళ్ళిపోతోంది. తల్లీ తండ్రీ పొలంలో ఉంటే చిన్నప్పుడు ఆ పిల్లని పెంచింది మామ్మే. "ఒక్కటి చాలంకుల్. మిగతా ఫొటోలన్నీ పోయినా నాకు ఫర్వాలేదు."

ముహూర్తం తెల్లవారుజామున. తలంబ్రాలయ్యి బాగా తెల్లారాక, జనం ఫలహారాల వైపు కదిలాక, ఆవిడే నన్ను పిలిచింది. వసారాలో ఒక కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కనే నేలమీద పీట వేసి పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టుకుంది.

"ఒరే బాబూ, ఇప్పుడే అవుపడదు గదా?"

"అవుపడదమ్మా. కడిగించాలి. నెల పడుతుంది."

"కడుగుతారా? నన్నా?"

"ఫిల్మ్‌ని అమ్మా."

"సరే తియ్యి. ఒక్కసారే. మల్లీ మల్లీ అనకు."

పైట భుజం మీదికి సర్దుకుని కెమెరాలోకి తిన్నగా చూసింది. అంతమంది మొహాలు తీసినవాణ్ణి, ఆ చూపు ముందు ఫోకస్ రెండోసారి సరిచూసుకున్నాను. మూడు నొక్కులు నొక్కాను. నాలుగోదానికి ఆవిడ లేచిపోయింది.

కలర్ ఫిల్మ్ కడగడం మా పాత డార్క్‌రూమ్‌లో కాదు. నలుపు తెలుపు అయితే ఇప్పటికీ బాత్రూంలో కడగ్గలను. కలర్ మేం అప్పుడైనా బస్సులో విశాఖ లాబ్‌కి పంపేవాళ్ళం. ఆ లాబ్ ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతోంది. ముంబైలో ఒక లాబ్ ఇంకా కడుగుతోందని పెళ్ళికూతురే కనుక్కుంది. కొరియర్‌లో పంపితే సరుకులు చూసే ఎక్స్‌రే స్కానర్ ఇంకా బలమైనదని, కడగని ఫిల్మ్ దాని కిరణాలకి పొగబారిపోతుందని నేను చదివాను. అందుకని నేనే తీసుకెళ్ళాలని నిర్ణయించారు. వాళ్ళన్నయ్య నన్ను అడగకుండానే విమానం టికెట్ తీసేశాడు.

నా పాత భాగస్వామి ఒకాయన ఉన్నాడు. గోవాడ వైపు మనిషి. స్టూడియో నడిచినన్నాళ్ళూ నేను ముందుగదిలో కెమెరా దగ్గరుంటే, ఆయన వెనకగదిలో ఎర్రలైటు కింద ఉండేవాడు. టికెట్ సంగతి చెబితే మండిపడ్డాడు.

"రైలెక్కి పోరాదేటి బావా? రీలు ఒళ్ళో ఎట్టుకుని కూకుంటే సాలు గదా."

"టికెట్ తీసేశారోయ్."

"తీసేస్తే? నీకు ఇమానం ఎక్కాలనుంది. అది సెప్పు."

ఉంది. అప్పటిదాకా ఎక్కలేదు. విమానం ఎలా ఎగురుతుందో మాత్రం చదివాను.

ఇక నా జాగ్రత్తలు. గ్రంథాలయంలోని పుస్తకాల్లో రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి. మొదటిది, వెలుగుని నెమ్మదిగా పట్టే తక్కువ స్పీడు ఫిల్మ్‌కి విమానాశ్రయం ఎక్స్‌రేతో పెద్దగా ప్రమాదం లేదు, ఎక్కువ స్పీడుదానికే ఉంది. రెండోది, సీసపు పొర ఉన్న సంచిలో పెడితే ఇంకా మంచిది. మామ్మ ఫొటో ఉన్నది రెండువందల స్పీడు రోల్. పెళ్ళిపందిట్లో రాత్రి తీసిన రెండు రోల్స్ ఎనిమిదివందలవి. కాబట్టి మామ్మ క్షేమం అనుకున్నాను. ఆ పుస్తకాలు అచ్చయినప్పటికి ఇప్పుడున్న యంత్రాలు పుట్టలేదన్న ఆలోచన నాకు రాలేదు. పుస్తకం చివరి పేజీదాకా చదివేవాణ్ణే గాని, మొదట్లో ఏ సంవత్సరం వేశారో ఎప్పుడూ చూసినవాణ్ణి కాను.

సీసపు సంచి కొందామంటే మన దగ్గర దొరకలేదు. తెలిసిన క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే ఆయన్ని అడిగాను. వాళ్ళు వేసుకునే సీసపు ఏప్రన్ పాతదొకటి మూలన పడి ఉందన్నాడు. అది తెచ్చి టైలరుకిస్తే సూది విరిగింది. బస్టాండు పక్కన చెప్పులు కుట్టే ఆయన కుట్టిచ్చాడు. చూడ్డానికి గుర్రం మేత సంచిలా ఉంది. ఎత్తితే మోచెయ్యి పట్టేసింది. నాకు మాత్రం ముచ్చటేసింది. పుస్తకంలో చదివినదాన్ని చేతుల్తో చేయించుకోగలిగాను.

బయల్దేరే ముందు పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. చేతిలో అప్పుడే బట్టీ దిగిన కొత్త బెల్లం. మూడు దిమ్మలు, కాగితం చుట్టి, గోనెతాడుతో కట్టి ఉన్నాయి.

"ఇదేటయ్యా?" అన్నాను.

"ఆ లాబోళ్ళకి మేస్టారూ. మా అమ్మ బొమ్మ కడుగుతన్నారు. ఉత్త సేతుల్తో ఎలాగెల్తారు?"

మన వైపు నుంచి ఏ ఊరికి ఏ పనిమీద వెళ్ళినా బెల్లం వెళుతుంది. ఆసుపత్రికెళ్తే డాక్టరుకి, కోర్టుకెళ్తే ప్లీడరుకి. వద్దంటే అతను నొచ్చుకుంటాడు. నాకున్నది ఒకటే చేతిసంచి. బట్టలు మడతపెట్టి, సీసపు సంచి మధ్యలో పెట్టి, కదలకుండా చుట్టూ బెల్లం దిమ్మలు సర్దాను. ఫోను ఛార్జరు వైరు చుట్టచుట్టి పైన పెట్టాను. చాలా పొందిగ్గా కుదిరిందని మా ఆవిడకి కూడా చూపించాను.

విశాఖ విమానాశ్రయంలో సంచి బెల్టు మీద లోపలికి వెళ్ళింది. అక్కడ తెర ముందు కూర్చున్నాయన చూశాడు. బెల్టు ఆపాడు. వెనక్కి లాగాడు. మళ్ళీ పంపాడు. తల పక్కకి వంచి చూశాడు. పక్కనున్నాయన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి చూశారు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. నేను అవతల తనిఖీకి చేతులు చాపుకుని నిలబడి, లోపల నా సంచి ఊయలూగడం చూస్తున్నాను.

ఆ రెండో ఆయన విజయనగరం వైపు మనిషి. మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎవుల్దండీ సంచి? మీదేనా మేస్టారూ? లోపల ఏటున్నాయి?"

"ఫిల్మ్ బాబూ. పెళ్ళి ఫొటోలు."

"ఫొటోలు కాదండి. ఆ నల్లగా ఉన్నది ఏటి? కిరణం దూరట్నేదు దాన్లోకి."

"సీసం. దూరకూడదనే పెట్టాను."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూశాడు. "దూరకుండా సీసం ఎట్టుకొచ్చి, నాకే సెప్తన్నారా?"

"అలా కాదు. ఫిల్మ్ పాడవకుండా..."

"మరి దాని సుట్టూ ముద్దలేటి? వైరేటి?"

"బెల్లం."

"బెల్లమా?"

"కొత్త బెల్లం. బట్టీది."

ఆయన వెనక్కి తిరిగి హిందీలో ఏదో అన్నాడు. తెర ముందున్నాయన నవ్వలేదు. నేను అప్పుడు చెయ్యాల్సింది ఒకటే. బెల్టు మీద పెట్టకముందే ఫిల్మ్ డబ్బాలు తీసి చేతిలో పెట్టి, దయచేసి వీటిని చేత్తో చూడండి అని అడగడం. ఆ మాట చాలా ఆలస్యంగా అడిగాను. పైగా నా చదువు అక్కడే బయటపెట్టుకున్నాను.

"బాబూ, ఇది తక్కువ మోతాదు ఎక్స్‌రేదా, ఎక్కువ మోతాదుదా? ఎక్కువదైతే..."

"ఇది మెసీను మేస్టారూ. బేగ్ తెరవండి."

తెరిచాను. సీసపు సంచి బయటికి తీయించారు. దాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంకో ఆయన్ని పిలిచారు. లోపల్నుంచి రోల్స్ తీశారు. ఒక రోల్‌కి ఫిల్మ్ నాలుక కాస్త బయటికి ఉంది, లాగితే వెలుగు తగిలి మొత్తం పోతుంది. ఆయన దాన్ని వేళ్ళతో పట్టుకున్నాడు.

"లాగొద్దు!" అని అరిచాను. క్యూలో వాళ్ళంతా తిరిగి చూశారు.

ఆయన పాపం వదిలేశాడు. తప్పు ఆయనది కాదు. ముసలాయన ఒకడు సీసపు సంచిలో చిన్న చిన్న డబ్బాలు దాచుకుని, చుట్టూ ముద్దలు పెట్టుకుని, ముట్టుకుంటే అరుస్తున్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేను ఇంకా గట్టిగా ప్రవర్తించేవాణ్ణి. చేత్తో చూడమని వేడుకున్నాను. విజయనగరం ఆయన తెర ముందాయన్ని అడిగాడు. తెర ముందాయన తల అడ్డంగా ఊపాడు. "ఇంత అనుమానం వచ్చేక యంత్రంలో ఎయ్యకుండా పంపనేనండి," అన్నాడు మన మనిషి, నిజంగానే బాధగా. రోల్స్‌ని ఒక ప్లాస్టిక్ ట్రేలో వేసి, సీసం లేకుండా, ఒంటిగా లోపలికి పంపారు. తర్వాత బెల్లం విడిగా వెళ్ళింది. తర్వాత ఏదో సందేహమొచ్చి రోల్స్ మళ్ళీ వెళ్ళాయి. ఎన్నిసార్లో నాకు లెక్క తప్పింది.

చివరికి అన్నీ తిరిగిచ్చారు. ఒక దిమ్మ మూల చిదిమి చూసి, "మంచి రంగుంది. ఏ ఊరిదండీ?" అని కూడా అడిగాడాయన. చెప్పాను. విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. మేఘాలు కిందనున్నాయి. నేను ఒళ్ళో ఉన్న రోల్స్‌నే చూస్తూ కూర్చున్నాను.

ముంబై లాబ్ నడిపే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. నేను వచ్చీరాని హిందీలో జరిగిందంతా చెబితే శ్రద్ధగా విని, బెల్లం దగ్గర మాత్రం ఆపుకోలేక నవ్వేసింది. మర్నాడు నెగటివ్‌లు లైటు బల్ల మీద పరిచి నన్ను పిలిచింది.

నేను భయపడిన ఎనిమిదివందల స్పీడు రోల్స్ శుభ్రంగా ఉన్నాయి. పందిట్లో దీపాలు, పూలు, మంగళసూత్రం, అన్నీ. క్షేమమనుకున్న రెండువందల రోల్ మీద మాత్రం పొగలాంటి పట్టీ ఒకటి అలలా సాగింది. మామ్మ ఉన్న మూడు ఫ్రేముల్లో రెండింటిలో ఆవిడ మొహం పూర్తిగా ఆ పొగలో పోయింది. మూడోదానిలో పట్టీ నుదుటి మీంచి ఏటవాలుగా దిగి, ఒక కన్నునీ ఒక చెంపనీ కప్పేసింది.

"ఇది తలకిందులుగా ఉందేమిటమ్మా? పాడైతే ఎక్కువ స్పీడుది కదా పాడవాలి?" అన్నాను.

ఆ అమ్మాయి భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. స్కానర్ వల్ల కావచ్చంది. అలలాంటి పట్టీ ఒక్కోసారి అలాగే వస్తుందట. అయినా స్కానర్ అయితే ఆ రెండూ ఎలా తప్పించుకున్నాయో అర్థం కావడం లేదంది. ఫిల్మ్ పాతదా అని అడిగింది. కొన్నది నేనే, తారీఖు చూశాను, పాతది కాదు. ఎండలో పెట్టారా? పెళ్ళిరోజు సంచి కాసేపు వసారాలో ఎండ తగిలేచోట ఉంది. కెమెరాలోకి వెలుతురు కారుతుందా? అదే కెమెరాతో మిగతావి తీశాను, కారలేదు. ట్రేలో ఏది ఎటు తిరిగి పడిందో తెలుసా? ఎలా తెలుస్తుంది?

"అంకుల్, ఇది ఏమిటో నేను చెప్పలేను," అంది చివరికి. ఆ మాట నాకు నచ్చింది. ఏ పుస్తకమూ ఆ మాట అనలేదు.

ఇకముందు ఏం చెయ్యాలో కూడా చెప్పింది. సీసం వద్దు, లోపల ఏముందో కనబడకపోతేనే గొడవ. రోల్స్ అన్నీ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో, పైకి కనబడేలా. ముందుగా వెళ్ళి, బెల్టు దాకా రాకముందే మర్యాదగా అడగడం. ఒప్పుకుంటే అదృష్టం, లేకపోతే లేదు. విమానంవాళ్ళకి అప్పగించే పెట్టెల్లో ఎప్పుడూ వెయ్యకూడదు. కుదిరితే వెళ్ళినచోటే కడిగించుకుని రావడం. కడిగాక ఇక ఏ యంత్రమూ ఏమీ చెయ్యలేదు. మీకు పనికొచ్చే ముక్క ఈ వ్యాసంలో ఇంతే.

వచ్చేటప్పుడు రైల్లో వచ్చాను. మా భాగస్వామికి నెగటివ్ చూపించాను. ఆయన దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు.

"బెల్లం ఎట్టకపోయుంటే ఇన్నిసార్లు తిప్పేవోళ్ళు కాదు."

"సీసం పెట్టకపోయినా తిప్పేవాళ్ళు కాదు."

"అసలు ఇమానమే ఎక్కకపోయుంటే?"

"నువ్వు ఊరుకోవోయ్."

"ఊరుకుంటాను. ఆ గుంటకి ఏటి సెప్తావు?"

అదీ నా బాధ. పెళ్ళికూతురు గుజరాత్ వెళ్ళేముందు పుట్టింటికి వచ్చిందని తెలిసి, ఆ మూడో ఫ్రేముని పెద్దది చేయించి బుచ్చయ్యపేట వైపు బస్సెక్కాను. కెమెరాలో కొత్త నలుపు తెలుపు రోల్ కూడా వేసుకున్నాను. ఆవిడ ఇంకొక్కసారి కూర్చుంటే నేనే ఇంట్లో కడిగేస్తాను, ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఆ అమ్మాయి ప్రింటుని వెలుతురు వైపు తిప్పి చూసింది. "దీన్ని కంప్యూటర్లో సరిచేస్తారు కదా అంకుల్?" అంది.

"చేస్తారు. ఆ కన్ను, ఆ చెంప కొత్తగా వేస్తారు."

"వేస్తే మామ్మలాగే ఉంటుందా?"

స్టూడియోలో జీవితమంతా నేను చేసిన పని అదే. మచ్చలు తుడిచాను, మొహాలు తెల్లబరిచాను, మూసుకున్న కళ్ళు తెరిపించాను. చక్కగా ఉంటుందని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ప్రింటు మీది ఆ పొగ వైపు చూశాను. వేరెవరి మొహం మీదో ఉన్న కన్ను తెచ్చి అతికిస్తే, ఆ వసారాలో నన్ను అలా చూసిన కన్ను అవుతుందా? అవ్వదని కూడా గట్టిగా అనలేకపోయాను. నాకు నిజంగా తెలియలేదు.

మామ్మ లోపల్నుంచి వచ్చింది. "ఏటే, ఏటలాగున్నావు? ఏదీ ఇలా తే."

ప్రింటు చేతికి తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది. నేను జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. యంత్రం, కిరణాలు, సీసం. ఆవిడ మధ్యలో ఆపింది.

"అయితే నన్ను ఆ యంత్రంలో ఎట్టి అన్నిసార్లు లాగేరా?"

"లాగారమ్మా."

"లోపలేటుందో సూసేరా?"

"చూశారు."

"లోపలంతా సూసేరు గానీ, మొకం మాత్రం ఎవుడూ సూణ్ణేదన్నమాట." ఆవిడకి నవ్వొచ్చింది. పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది.

"మామ్మా, ఇంకొక్కసారి కూర్చోవే. అంకుల్ కెమెరా తెచ్చారు. ఇక్కడే కడుగుతారు, ఎవరికీ పంపరు," అని ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మల్లీ నీకు పెల్లి సేస్తారేటే?"

"పెళ్ళెందుకే, ఊరికే కూర్చో."

"ఆయాల నీ పెల్లని కూకున్నాను. ఊరికే ఎందుకు కూకుంటాను?"

అది మొండితనంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నేను కెమెరా సంచి జిప్పు మీద చెయ్యి తీసేశాను.

"పోనీ కంప్యూటర్లో మొహం బాగుచేయిస్తాను," అంది ఆ అమ్మాయి.

"ఎవుడో ఏసిన మొకం నాకొద్దు. ఇదేటైంది దీనికి? తెరసెల్లా అడ్డం ఎట్టినట్టుంది, అంతే గదా." మా వైపు పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టుకునే అడ్డుతెరని తెరసెల్లా అంటారు. "సగం దించేసేరు. ఇంకొంచెం దించితే మొత్తం అవుపడతాను. ఎవులైనా అడిగితే అలాగే సెప్పు."

అమ్మాయి ప్రింటు మళ్ళీ తీసుకుంది. ఈసారి ఆ పొగని కాకుండా, దాని పక్కన మిగిలిన భాగాన్ని చూసింది. వేలు ఆ కంటి దాకా వెళ్ళి, ముట్టుకోకుండా ఆగింది. "ఇలాగే ఫ్రేము కట్టించండంకుల్," అంది.

నేను కళ్ళజోడు పైకి తోసుకుని ప్రింటు మీదికి వంగాను. ముంబై నుంచి ఆ రోజు దాకా నేను ఆ పట్టీనే చూస్తూ వచ్చాను. దాని అంచుకి అవతల, ఆవిడ ముక్కుపుడక దగ్గర, ఫోకస్ ఎంత చక్కగా కుదిరిందో అప్పుడు చూశాను.